నాన్నగారికి మడత చాకు కొనాలంటే ఏది మేలు? స్విస్సా, ఓపినెలా, మన సంత చాకా?

మా నాన్నగారి చాకు పోయిన వేసవిలో కాలవలో పడిపోయింది. సంతలో కొన్నదే, పిడికి ఒక పక్క చెక్క ఊడిపోతే ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టుకుని వాడేవారు, అది రొంటిన లేకుండా ఆయన కొబ్బరితోటకి బయల్దేరడం నేనెప్పుడూ చూళ్ళేదు. అది పోయాక వంటింట్లో కూరగాయల కత్తిని పేపర్లో చుట్టి పట్టుకెళ్ళడం మొదలెట్టారు, అమ్మేమో వంకాయలు ముందేసుకుని కత్తేదీ అని వెతుక్కోవడం, రోజూ ఇదే గొడవ. సరే పుట్టినరోజు వస్తోంది కదా నేనే ఒకటి కొనేద్దాం అనుకున్నా, బడ్జెట్ 3,000 లోపు, ఒక్క పూట పని అనుకున్నది రెండు వారాలు పట్టింది.

మొదట్లో నేను చేసిన తప్పేంటంటే స్టీలు గురించి చదువుతూ కూర్చోవడం. ఏ స్టీలు ఎంత గట్టిది, పదును ఎన్నాళ్ళుంటుంది, వీడియోలే వీడియోలు. అసలు విషయం మాత్రం ఊరెళ్ళినప్పుడు తెలిసింది. ఫ్రెండ్ దగ్గర ఒక మడత కత్తి అడిగి తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టా, ఇలాంటిదైతే నచ్చుతుందా అని. ఆయనకి 70 దాటాయి, గోళ్ళు మొదలంటా కత్తిరించేసుకుంటారు, బొటనవేలు కణుపు సరిగ్గా వంగదు. అలుగు మీద ఆ చిన్న గాడిలో గోరు పెట్టి లాగాలి కదా, రెండుసార్లు జారింది, మూడోసారి పళ్ళతో లాగబోయారు! నేను లాక్కున్నా. అప్పుడర్థమైంది, ఇక్కడ స్టీలు కాదు చూడాల్సింది, ఆయన బొటనవేలు అని.

ముందు స్విస్ కత్తి సంగతి. విక్టోరినాక్స్ వాళ్ళది 1884లో మొదలైన కంపెనీ, 1891 నుంచి స్విస్ సైన్యానికి కత్తులిస్తున్నారు, పేరు కూడా కంపెనీ పెట్టినాయన వాళ్ళమ్మ విక్టోరియా పేరు మీద పెట్టిందే, దానికి తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలుకి వాళ్ళు వాడే ఐనాక్స్ అనే మాట కలిపారు. అమ్మ పేరు మీదున్న కత్తి నాన్నకి గిఫ్ట్ అంటే బానే ఉంటుంది కదా అనిపించింది. నేను చూసింది స్పార్టన్ మోడల్, మడిస్తే 91 మిల్లీమీటర్లు, 60 గ్రాముల బరువు, అటూ ఇటూగా. పెద్ద అలుగు, చిన్న అలుగు, డబ్బా మూత తీసేది, సోడా మూత తీసేది, దబ్బనం లాంటి మొన, ఒక పట్టకారు, పళ్ళు కుట్టుకునే పుల్ల ఒకటి. ఇంకోటి మెలికల మేకు కూడా ఉంటుంది వైన్ సీసా బిరడా లాగడానికి, మా ఇంట్లో దానికేం పనుంది అనుకోకండి, బిగుసుకుపోయిన నైలాన్ తాడు ముడి విప్పాలంటే దాన్ని మించింది లేదు. పట్టకారైతే తోటలో తిరిగేవాళ్ళకి నిజంగా పనికొస్తుంది, కాల్లో తుమ్మముల్లు విరిగినప్పుడు తెలుస్తుంది దాని విలువ. తుప్పు భయం దాదాపు లేనట్టే, తడిసినా తుడిచి జేబులో వేసుకోవచ్చు, మెటీరియల్లో గానీ తయారీలో గానీ లోపముంటే జీవితకాలం గ్యారంటీ కూడా.

మరి ఎందుకు కొనలేదంటే రెండు కారణాలు. ఒకటి, స్పార్టన్‌కి లాక్ ఉండదు, వెనక స్ప్రింగే అలుగుని తెరిచి నిలబెడుతుంది. కోయడానికి ఫర్వాలేదు, కానీ మా నాన్నగారు పొడుస్తారు, యూరియా బస్తాకైనా డ్రిప్ పైపుకైనా మొనతో గుచ్చి తర్వాత చీల్చడమే ఆయన పద్ధతి, అలా గుచ్చేటప్పుడు అది వెనక్కి మడుచుకుంటే వేళ్ళ మీదకే వస్తుంది. రెండోది ఆ గోటి గాడే, స్ప్రింగ్ బిగువు మీద లాగాలి, చేతికి అందేది తక్కువ. మీ నాన్నగారు ఉద్యోగం చేసి రిటైరై, కొరియర్ పార్సిళ్ళు విప్పుకుంటూ యాపిల్ కోసుకునే మనిషైతే, వేళ్ళు బావుంటే, ఇంకేం ఆలోచించకుండా ఇదే కొనండి.

ఓపినెల్ వేరే రకం. ఫ్రాన్సులో సవోయ్ అనే కొండ ప్రాంతంలో జోసెఫ్ ఓపినెల్ 1890లో చేసిన రైతుల చాకు, సైజుల్ని నంబర్లతో పిలుస్తారు, 8 నంబరు అందరూ కొనేది, అలుగు 8.5 సెంటీమీటర్లు. గుండ్రటి బీచ్ చెక్క పిడి, ఒక అలుగు, అది తిరగడానికి ఒక మేకు, మెడ దగ్గర ఒక స్టీలు రింగు, అంతే. 1955 నుంచి ఉన్న ఆ రింగుని తిప్పితే అలుగు కదలకుండా బిగుస్తుంది, ఇప్పుడొచ్చేవాటిలో మడిచి ఉన్నప్పుడు కూడా బిగించొచ్చు, రొంటిన పెట్టుకునేవాళ్ళకి ఇది పెద్ద నిశ్చింత. స్ప్రింగ్ ఉండదు. మడిచినా అలుగు వీపు కొంత పిడి బయటికే ఉంటుంది కాబట్టి గోరుతో పనిలేకుండా రెండు వేళ్ళతో పట్టి లాగేయొచ్చు. నాకు బేరం తెగింది ఇక్కడే.

దీనికీ లోపాలున్నాయి. చెక్క కాబట్టి వానాకాలం తడికి ఉబ్బి అలుగు బిగుసుకుంటుంది, అది దీని స్వభావం, పిడి వెనక కొనని బల్లకి టక్కున కొడితే అలుగు కాస్త బయటికొస్తుంది, సవోయ్ వాళ్ళు ఎప్పట్నుంచో చేసేదీ అదే. ముల్లు తీయడానికి, మూత తీయడానికి పనికిరాదు. రెండు స్టీళ్ళలో వస్తుంది, కార్బన్, ఐనాక్స్. కార్బన్‌కి పదును తొందరగా ఎక్కుతుంది నిజమే, కానీ పచ్చి మామిడికాయ కోసి తుడవకుండా పెట్టారా, అలుగు నీలం నలుపు తిరిగిపోతుంది, ముక్కకి కూడా కాస్త ఇనప వాసన వస్తుంది. మాది కోనసీమ, గాలిలోనే తడి, నాన్నగారు తుడిచి నూనె రాసే రకం కాదు, అందుకే ఐనాక్స్. అనంతపురం లాంటి పొడి ప్రాంతమై, కత్తిని బిడ్డలా చూసుకునే మనిషైతే కార్బన్ తీసుకోవచ్చు.

ఇక మన సంత చాకు. లారీ కమాను పట్టీతో కమ్మరి కొట్టి చేసినదైతే అలుగుకి వంక పెట్టడానికి లేదు, సానరాయి మీద పది రుద్దులు రుద్దితే వెంట్రుక తెగుతుంది, పై రెండిటి ధరలో పదో వంతు కూడా కాదు, పోయినా బాధ లేదు. చిక్కంతా మేకు దగ్గరే, వదులైపోయి అలుగు అటూ ఇటూ ఊగుతుంది, సుత్తితో కొడితే బిగుస్తుంది, మళ్ళీ వదులవుతుంది. కొలిమి ఉన్న ఊళ్ళో ఉంటే ఇప్పటికీ అదే చవకైన మంచి బేరం. మా ఊళ్ళో కొలిమి లేదు.

ఆన్‌లైన్లో పదిహేను పనిముట్లు ఒకదాంట్లో అని 300కి వస్తాయే, వాటి జోలికి వెళ్ళొద్దు, ఒకటి కొని చూశా, మొదటి వారంలోనే కత్తెర విరిగింది.

ఇంకోటి, ఫ్లైట్లో ఊరెళ్ళేవాళ్ళు దీన్ని హ్యాండ్ బ్యాగులో పెట్టకండి, చెకిన్ లగేజీలో వేయండి, సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటారు.

ఓపినెల్ 8 ఐనాక్స్ తీసుకెళ్ళి చేతికివ్వబోతే అమ్మ అరిచింది, కత్తి చేతికివ్వకూడదు గొడవలొస్తాయి, కింద పెట్టు అని. అరుగు మీద పెట్టా, నాన్నగారు తీసుకుని, రెండు వేళ్ళతో లాగి తెరిచి, రింగు తిప్పి, అలుగుని కాస్త వెనక్కి నొక్కి చూసి, "ఇది మడుచుకోదేంట్రా" అన్నారు, తర్వాత "ఎంతైంది" అన్నారు, నేను సగమే చెప్పా. మొన్న ఊరెళ్తే పిడికి అప్పుడే ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టేసి ఉంది. అంత మంచి చెక్కకి టేపేంటండీ అంటే, "ఎండు కొబ్బరాకుల్లో పడితే ఈ చెక్క రంగు కనపడి చావదురా" అన్నారు.