అండాశయ క్యాన్సర్ జన్యు పరీక్ష: తిరుపతిలో మేం చేయించిన ల్యాబ్ గురించి

అమ్మకు అండాశయ క్యాన్సర్ అని తేలాక డాక్టరమ్మే జన్యు పరీక్ష రాశారు. ఎయిర్ బైపాస్ రోడ్డులోని ఒక ల్యాబ్‌లో శాంపిల్ ఇచ్చాం.

రక్తం తీసిన సిస్టర్‌కు నూటికి నూరు మార్కులు. కీమో తర్వాత అమ్మకు నరం దొరకడం చానా కష్టం. ఆ అమ్మాయి వేడినీళ్ల సీసా చేతికిచ్చి కాసేపు కూర్చోబెట్టి, ఒక్క పోటుతో తీసేసింది. ఊదారంగు మూత ట్యూబు మీద పేరు, వయసు అమ్మకు చదివి వినిపించాకే ప్యాక్ చేసింది.

కౌన్సెలర్ మేడం వీడియో కాల్‌లో చక్కటి తెలుగులో మాట్లాడారు. అమ్మమ్మ వైపే కాదు, తాతయ్య (అమ్మ వాళ్ల నాన్న) వైపు వాళ్ల జబ్బులు కూడా అడిగి రాసుకున్నారు. ఈ క్యాన్సర్ ముప్పు పెంచే జన్యు లోపం తండ్రి నుంచీ రావచ్చట. రక్తంలో చూసేది పుట్టుకతో వచ్చిన మార్పు. ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్కను పరీక్షిస్తే, ఆ గడ్డలో మాత్రమే వచ్చిన మార్పులూ కనిపిస్తాయి. ఓలాపరిబ్ లాంటి క్యాన్సర్ మందు పనికొస్తుందా అని తేల్చడానికి రెండూ సాయపడతాయి. అమ్మకు రక్తంలోనే బీఆర్‌సీఏ1 అనే జన్యువులో లోపం బయటపడింది. మామూలుగా ఆడవాళ్లలో నూటికి ఒకరికి అటూ ఇటుగా వచ్చే ఈ క్యాన్సర్, ఆ లోపం ఉంటే జీవితకాలంలో నూటికి 39 నుంచి 58 మందికి రావచ్చని చెప్పి, నేను తేరుకునేదాకా ఆగారు.

కోపమొచ్చింది కౌంటర్ దగ్గర. అమ్మ లోపం నాకూ వచ్చిందేమో చూపించుకుందామని వెళ్తే అక్కడి అబ్బాయి, "పెద్ద ప్యానెల్ చేయించుకోండక్కా, అన్ని జీన్లూ వచ్చేస్తాయి" అని బిల్లు కొట్టబోయాడు. ప్యానెల్ అంటే చాలా జన్యువులను ఒకేసారి చూసే పరీక్ష. అమ్మ రిపోర్టులో మార్పు ఏదో స్పష్టంగా ఉంది, నాకు ఆ ఒక్కటి చూస్తే చాలు. ఖర్చూ బాగా తక్కువ. కౌన్సెలర్‌కు ఫోన్ చేస్తే ఆమె కూడా అదే అన్నారు. నాన్న వైపు కూడా ఇలాంటి క్యాన్సర్లు ఉంటే ప్యానెల్‌కు అర్థముంది. లేకుంటే, మంచిదో చెడ్డదో తేలని మార్పులు బయటపడి ఊరికే గుబులు. కూలీనాలీ చేసుకునేవాళ్లకు ఇది ఎవరు చెప్తారు? కౌంటర్‌లో కూర్చునేవాళ్లకు ల్యాబ్ ఈమాత్రం నేర్పించాలి.

రిపోర్టు ఇంగ్లీషులోనే ఇస్తారు. అందులో జన్యువు పేరు పక్కన అక్షరాలు, అంకెలతో మార్పు రాసిన పేజీని భద్రంగా పెట్టుకోండి. చెన్నైలో ఉన్న మా పిన్నికి అదే వాట్సాప్‌లో పంపాను. అక్కడి ల్యాబ్ వాళ్లు మొదట అడిగింది ఆ పేజీనే.