వేళ్ళ మీద కుట్టు తగలని సాక్స్: రెండు వానాకాలాలు వాడాక

చిటికెన వేలి మీద, సరిగ్గా గోరు పక్కన, సాక్స్ కుట్టు ఒరుసుకుంటే ఎలా ఉంటుందో సేఫ్టీ షూ వేసుకుని షిఫ్టంతా నిలబడేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ షూకి ముందు స్టీలు టోపీ ఉంటుంది కదా, లోపల వేళ్ళు అటూ ఇటూ కదలవు, సాక్స్‌లో వేళ్ళ మీదుగా అడ్డంగా పోయే లావుపాటి కుట్టు ఆ స్టీలుకీ వేలికీ మధ్య ఇరుక్కుని పొద్దున్నించి సాయంత్రం దాకా రుద్దుతూనే ఉంటుంది. నాది గోడౌన్ పని, లోడు వచ్చిన రోజు కూర్చోవడమన్నది ఉండదు. ఇంటికొచ్చి షూ విప్పితే వేలి మీద ఎర్రటి గీత, కొన్నాళ్ళకి అక్కడ కాయ కాసింది, దాని మీద మళ్ళీ అదే కుట్టు. షూ మార్చా, సైజు పెంచా, లోపల మెత్తటి సోల్ వేయించా, ఏదీ పని చెయ్యలేదు. పని చేసింది సాక్స్ మార్చడం ఒక్కటే.

అందుకని రంగులు, ప్యాక్‌లో ఎన్ని జతలు, వాసన వస్తుందా రాదా లాంటివి ఇక్కడ రాయట్లేదు, అవన్నీ అమ్మేచోటే ఉంటాయి. నేను మాట్లాడేది వేళ్ళ దగ్గర మూత, అంటే సాక్స్ చివర నోరు మూసిన తీరు గురించి మాత్రమే. కంపెనీ పేరు కూడా చెప్పట్లేదు, ఎందుకంటే ఒక జత చెడిపోయిన సంగతి కింద చెప్పాలి, మిగతా జతలు బాగానే నడుస్తున్నప్పుడు ఆ ఒక్కదానికోసం వాళ్ళని బజారుకి లాగడం నాకు న్యాయం అనిపించలేదు. కాటన్ ఎక్కువ, కొంచెం నైలాన్, కొంచెం సాగే దారం, కవర్ మీద హ్యాండ్ లింక్డ్ టో (అంటే వేళ్ళ దగ్గర దారపు లూపులు ఒక్కోటీ కలిపి మూసినవి) అని ఉండేవి ఎవరివి కొన్నా నేను చెప్పేది చాలావరకు వర్తిస్తుంది.

నాకు వీటి సంగతి చెప్పింది మా అక్కవాళ్ళాయన. తిరుప్పూర్ వైపు సాక్స్ ఫ్యాక్టరీలో మెషిన్లు చూసే మెకానిక్కు. ఒకసారి ఫోన్లో నా వేలి బాధ చెప్పి, బావగారూ వేళ్ళ మీద కుట్టు లేకుండా మీరు చెయ్యలేరా అని అడిగా. "మూయకుండా ఎలా కుదురుతుందయ్యా, గొట్టం అల్లుతాం, చివర మూయాలి కదా. ఎలా మూశారో చూసి కొనుక్కో" అన్నారు. తర్వాత పండక్కి వచ్చినప్పుడు నా పాత సాక్స్ తిరగేసి పట్టుకుని మొత్తం చూపించారు.

సాక్స్ అల్లేది అరచేతిలో పట్టేంత చిన్న సిలిండర్ మీద, దాని చుట్టూ సూదులు నిలువుగా ఉంటాయి. 96 సూదులైతే పెద్ద లూపులు, మందంగా వస్తుంది, 144 అయితే రోజువారీ రకం, 168, 200 అంటే పల్చగా నున్నగా ఉండే ఆఫీసు సాక్స్. పైన పట్టీ దగ్గర మొదలెట్టి కిందకి అల్లుకుంటూ వస్తుంది. మడమ దగ్గరకి రాగానే సగం సూదులు ఆగిపోతాయి, సిలిండర్ గుండ్రంగా తిరగడం మానేసి ముందుకీ వెనక్కీ ఊగుతుంది, సూదులు ఒక్కోటీ తప్పుకుని మళ్ళీ ఒక్కోటీ వచ్చి చేరతాయి, అలా మడమకి చోటు వస్తుంది. మీ సాక్స్ మడమ పక్కన ఏటవాలుగా ఒక గీత ఉంటుంది చూడండి, అది కుట్టు కాదు, సూదులు తగ్గి పెరిగిన జాడ. వేళ్ళ దగ్గర కూడా ఇదే పని ఇంకోసారి జరుగుతుంది, అది అయ్యాక వేళ్ళ పైభాగాన సాక్స్ నోరు తెరుచుకుని మిగులుతుంది. ఆ నోరు ఎలా మూస్తారన్నదాంట్లోనే ఉంది నా వేలి కథ మొత్తం.

చవకవాటిలో రెండు అంచులూ కలిపి పట్టుకుని ఓవర్‌లాక్ తరహాలో గబగబా కుట్టేస్తారు, ఫ్యాక్టరీల్లో దాన్ని రోసో అంటారట. చిటికెలో అయిపోతుంది, గట్టిగానూ ఉంటుంది, కానీ అంచులు లోపల గుట్టగా మిగిలిపోతాయి, నన్ను రుద్దింది ఆ గుట్టే. లింకింగ్ పద్ధతి వేరు. గుండ్రటి డయల్ చుట్టూ సన్నటి ముళ్ళు వరసగా ఉంటాయి, పనిచేసే మనిషి నోటికి ఇటువైపు లూపునీ దాని ఎదురు లూపునీ ఒకే ముల్లు మీదకి ఎక్కించాలి, ఆ పక్క జత పక్క ముల్లు మీదకి, అలా ఈ చివర నుంచి ఆ చివర దాకా, అప్పుడు మెషిన్ వాటిలోంచి గొలుసుకుట్టు వేసి కలుపుతుంది. చేత్తో జరిగేది లూపులు ఎక్కించడమే, కుట్టు మాత్రం మెషిన్‌దే. ఎంత చూపు పెట్టాలో, ఎంత ఓపిక కావాలో ఆలోచించండి, ధర మామూలువాటికి మూడింతలుందని నాకు ఆ తర్వాత ఎప్పుడూ బాధ కలగలేదు. అల్లిన మెషినే లూపులు అందుకుని తనే మూసేసే రకం కూడా ఇప్పుడు వచ్చిందని చెప్పారు బావగారు, నేనవి వాడలేదు.

కొత్త జత తిరగేసి లోపల బొటనవేలితో రాసి చూస్తే కుట్టు ఎక్కడుందో దొరకలేదు. గోరుతో గీకితే అప్పుడు సన్నగా ఒక గీత తగిలింది. మొదటి షిఫ్టులో సగం రోజు గడిచేదాకా నాకు వేలు సంగతే గుర్తు రాలేదు, అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నాకు తెలీదు. కొన్ని వారాల్లో కాయ మెత్తబడింది, తర్వాత పోయింది. ఆ ఊపులో పక్క సెక్షన్ వాళ్ళందరికీ ఇవే కొనమని చెప్పా, ఎవరు పాదాలు నొప్పి అన్నా ఇదే మాట. ఇప్పటికీ చెప్తా, కాకపోతే ఇంకో రెండు మాటలు కలిపి చెప్తున్నా.

ఎందుకంటే మొదటి వానాకాలం చివర్లో ఒక జతకి బొటనవేలి పక్కన ఆవగింజంత కన్నం కనిపించింది. గోరు గుచ్చుకుందేమో అనుకుంటే దారం ఎక్కడా తెగలేదు. ఆ రోజు అలాగే వేసుకెళ్ళా, సాయంత్రానికి ఆ కన్నం దగ్గర్నించి పాదం మీదుగా చీలమండ వైపు సన్నటి సందు పడింది, సందులో అడ్డదారాలు మాత్రం నిచ్చెన మెట్లలా వేలాడుతున్నాయి. ఫోటో తీసి బావగారికి పంపితే వెంటనే ఫోన్ చేశారు, "లింకింగ్‌లో ఒక లూపు ముల్లు ఎక్కలేదయ్యా, ఇన్నాళ్ళూ పక్కవాటి బిగువుతో ఆగింది" అన్నారు. అల్లికలో అడ్డ వరసని కోర్స్ అంటారు, నిలువు వరసని వేల్ అంటారు, ప్రతి లూపూ తన కింద లూపుని పట్టుకుని ఉంటుంది కాబట్టి చివరి లూపుకి ఆధారం లేకపోతే ఆ వేల్ మొత్తం ఒక్కోటిగా జారిపోతుంది. రోసో కుట్టులో అంచంతా కలిపి కుట్టేస్తారు కనక ఒక లూపు తప్పినా పట్టు పోదు. నాకు అంత సుఖం ఇచ్చిన పల్చటి మూతే ఒక్క లూపు తప్పితే ఇంత బలహీనం అన్నమాట, అది మాత్రం ఒప్పుకోవాలి. అమ్మినవాళ్ళకి ఫోటో పెట్టా, గడువు దాటిపోయింది అన్నారు, అంతటితో సరి.

దాన్ని బతికించింది మా అమ్మ. అమ్మది నర్సాపురం దగ్గర, పెళ్ళికి ముందు నుంచీ లేసు అల్లిన చెయ్యి. సాక్స్‌ని స్టీలు గ్లాసు మీదకి తొడిగి గుమ్మం దగ్గర వెలుతుర్లో కూర్చుంది, చీలమండ వైపు చివర జారకుండా మిగిలిన లూపులోకి లేసు సూది పెట్టింది, పైనున్న అడ్డదారాన్ని కొక్కెంతో అందుకుని ఆ లూపులోంచి లాగింది, అది కొత్త లూపైంది, మళ్ళీ దాంట్లోంచి ఆ పై దారం. "గొలుసే కదరా, జారిన కన్ను పట్టుకుంటే చాలు" అంటూ వేళ్ళదాకా ఎక్కించుకుంటూ వచ్చేసింది. 1589లో ఇంగ్లండ్‌లో విలియం లీ మేజోళ్ళు అల్లే మొదటి యంత్రం కట్టినప్పుడూ, ఇవాళ తిరుప్పూర్‌లో సిలిండర్ తిరుగుతున్నప్పుడూ జరిగేది ఈ పనే, పాత లూపులోంచి కొత్త లూపు లాగడం. చివర లూపుని మాత్రం అదే రంగు దారంతో ఎదురు లూపుకి కట్టి ముడేసింది. ముడి బొటనవేలి పక్కకి పడింది కాబట్టి నాకు తగలట్లేదు, చిటికెన వేలి వైపు పడుంటే ఆ జత నాకు పనికొచ్చేది కాదు.

మిగతావి క్లుప్తంగా. మడమ కింద కాటన్ అరిగిపోయి నైలాన్ దారాలు వలగా మిగిలాయి, రెండు దారాలు కలిపి అల్లే ప్లేటింగ్‌లో మెత్తటిది ముందు పోతుంది, కన్నం ఇంకా పడలేదు కాబట్టి ఫిర్యాదు లేదు. పైన రిబ్ పట్టీ బిగువు కొంచెం తగ్గింది, బ్లీచ్ మాత్రం తగలనివ్వకండి, సాగే దారాన్ని తినేస్తుంది.

కొనేవాళ్ళు ఒక్క పని చెయ్యండి. వేసుకోకముందే చెయ్యి లోపల పెట్టి వేళ్ళు చాపి, మూత గీతని ట్యూబ్‌లైట్ వెలుగుకి ఎదురుగా పట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూడండి, ముఖ్యంగా రెండు మూలల్లో. ఎక్కడైనా వెలుగు చుక్కగా దూరిందంటే అక్కడ లూపు తప్పినట్టే, గడువులోపల వెనక్కి పంపెయ్యండి.

ఎవరికి అంటే, నాలాగా స్టీలు టోపీ షూలో వెడల్పాటి పాదంతో గంటలు గంటలు నిలబడేవాళ్ళకి ఈ డబ్బు దండగ కాదు. వదులు షూ వేసుకుని కుర్చీలో కూర్చునేవాళ్ళకి రోసో కుట్టు అసలు తెలియకపోవచ్చు, వాళ్ళకి ఎందుకు ఖర్చు. పిల్లల స్కూలు సాక్స్‌కి కూడా వద్దు, ఏడాది తిరక్కుండా పాదం పెరిగిపోతుంది. నాన్నకి షుగరు, పాదాల్లో స్పర్శ తక్కువ, రుద్దుకుంటున్నా ఆయనకి తెలీదు కాబట్టి డాక్టరుగారు కుట్టు తగలనివే వెయ్యమన్నారు. ఇవి తొడిగి చూశాం, వేళ్ళ దగ్గర బాగున్నాయి గానీ పట్టీ పిక్క కింద గీత పడేంత బిగుతుగా ఉంది, ఆయనకి పట్టీ వదులుగా ఉండే రకం వెతుకుతున్నా. నేను మాత్రం ఇవే మళ్ళీ కొంటా, కాకపోతే ఒకేసారి ఆరు జతలు కాకుండా ఒకటీ రెండూ తెచ్చుకుని లైటు కింద చూసుకున్నాకే.