జాగ్రత్త: ఎయిర్ రైఫిల్‌కి 'లాంగ్ రేంజ్ ప్యాకేజీ' అంటగడుతున్నారు

కంపెనీ నుంచి వచ్చిన ఎయిర్ రైఫిల్ 15, 20 మీటర్ల దాకా బాగానే కొడుతోంది, ఇక 50 మీటర్లకు తీసుకెళ్దాం అనుకునేవాళ్ల కోసం హైదరాబాద్‌లో ఒక బేరం తయారైంది. 4-16×50 స్కోప్ (4 నుంచి 16 రెట్లు పెద్దగా చూపే గురి దుర్భిణి, ముందు కటకం 50 మి.మీ.), బైపాడ్ (రెండు కాళ్ల ఆధారం), 'హెవీ స్ప్రింగ్', మూతికి సైలెన్సర్, అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ. చాలాసార్లు రైఫిల్ ధర కన్నా ఇదే ఎక్కువ. "అన్నా, గిది ఏపిస్తే యాభై మీటర్ల మీద రూపాయి బిళ్లకు కొట్టొచ్చు" అంటారు. షాపు పేరు ఇక్కడ అనవసరం, ఒక్కచోట జరుగుతున్నది కాదు. ఈ ప్యాకేజీ వేయించుకున్న రైఫిల్‌ని విప్పి చూస్తే కనిపించే లోపాలు మాత్రం దాదాపు ఒకేలా ఉంటాయి. కొనబోయేవాళ్లు ముందే తెలుసుకుంటే మంచిదని రాస్తున్నాం.

అన్నిటికన్నా ప్రమాదం స్ప్రింగ్‌తోనే, కాబట్టి ముందు దాని సంగతి. 2016 ఆయుధాల నియమాల ప్రకారం బోరు (బ్యారెల్ లోపలి వ్యాసం) 4.5 మి.మీ. దాటకుండా, మజిల్ ఎనర్జీ (మూతి దాటేటప్పుడు ఛర్రాకుండే శక్తి) 20 జౌళ్లు దాటకుండా ఉంటేనే ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. ఇప్పుడు లెక్క చూడండి. పెల్లెట్ (ఛర్రా) బరువును గ్రెయిన్లలో (తూకపు చిన్న కొలత) తీసుకుని, వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని, వేగాన్ని వేగంతోనే హెచ్చించి, దాన్ని బరువుతో హెచ్చించి, 4,50,240తో భాగిస్తే ఫుట్‌పౌండ్లు వస్తాయి. దాన్ని 1.356తో హెచ్చిస్తే జౌళ్లు. 7 గ్రెయిన్ల మామూలు పెల్లెట్‌తో 1000 అడుగుల వేగం వస్తుందని అమ్మేవాడు చెబితే అది 21 జౌళ్లు. అంటే వాడు చెప్పేది అబద్ధమన్నా కావాలి, లేదంటే లైసెన్సు కావాల్సిన తుపాకీని లైసెన్సు లేకుండా మీ చేతిలో పెడుతున్నాడన్నా అర్థం. రెండోది నిజమైతే దొరికేది మీరే. 8.44 గ్రెయిన్ల పెల్లెట్‌కి 20 జౌళ్ల హద్దు సుమారు 887 అడుగుల దగ్గర పడుతుంది. కచ్చితత్వం కావాలంటే అంతదాకా పోవాల్సిన పని కూడా లేదు. అదే పెల్లెట్ 800 అడుగుల వేగంతో వెళ్తే 16 జౌళ్ల పైచిలుకు, స్ప్రింగ్ రైఫిల్‌కి అది హాయిగా సరిపోతుంది. డబ్బా మీద 1100, 1200 అని అచ్చేసే అంకెలు 5 గ్రెయిన్ల తేలికపాటి అల్లాయ్ పెల్లెట్‌తో తీసినవి. ధ్వని వేగానికి దగ్గరయ్యేకొద్దీ నడుము సన్నగా ఉండే ఈ పెల్లెట్లు ఊగిపోతాయి. వేగం పెరిగి గుంపు (వరుస షాట్లు తగిలిన రంధ్రాల వెడల్పు) చెదిరితే లాభమేంటి?

చట్టం పక్కన పెట్టినా హెవీ స్ప్రింగ్ రైఫిల్‌ని పాడు చేస్తుంది. చుట్లు ఎక్కువైతే కాక్ చేసినప్పుడు చుట్టుకు చుట్టు తగిలి బిగుసుకుంటాయి. పిస్టన్ ముందుకు వెళ్లి గాలి మెత్త మీద గుద్దుకుని వెనక్కి ఎగురుతుంది, సీల్ అంచు కాలిపోతుంది, ట్రిగ్గర్ సియర్ (పిస్టన్‌ని పట్టి ఉంచే కొక్కెం) అరుగుతుంది. బిగించేటప్పుడు లోపల నూనె, గ్రీజు పూసి పంపిస్తారు. మొదటి ముప్పై నలభై షాట్లలో ఆ నూనె అంటుకుని పేలుతుంది, చిన్న పొగ, పెద్ద చప్పుడు. కస్టమర్ "పవర్ వచ్చింది" అని మురిసిపోతాడు. అది పవర్ కాదు, డీజిలింగ్. నూనె అయిపోయాక వేగం పడిపోతుంది, జీరో (స్కోప్ గురి, పెల్లెట్ తగిలే చోటు కలిసేలా చేసిన అమరిక) కిందికి జారుతుంది. గ్యాస్ ర్యామ్ (స్ప్రింగ్ బదులు బిగించిన వాయువుతో తోసే గొట్టం) వేయించుకున్నా మన ఊరి ఎండ గుర్తుంచుకోవాలి. లోపలి వాయువు పీడనం వేడితో పెరుగుతుంది. జనవరి పొద్దున 15 డిగ్రీల్లో జీరో చేసినది మే మధ్యాహ్నం 42 డిగ్రీల్లో దాదాపు 9 శాతం ఎక్కువ పీడనంతో కొడుతుంది. కారు డిక్కీలో పెట్టి తిప్పితే ఇంకా ఎక్కువ.

ఇక స్కోప్. తూటాలు పేల్చే పెద్ద రైఫిల్ ఒక్క దిక్కుకే తన్నుతుంది. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ మొదట వెనక్కి, వెంటనే ముందుకి, రెండు దిక్కులా తన్నుతుంది. ఆ ముందుకు తన్నే దెబ్బకు సిద్ధం చేయని స్కోప్‌లో కటకాలు వదులవుతాయి, క్రాస్‌హెయిర్ తిరిగిపోతుంది. అందుకే వేలకు వేలు పోసిన స్కోప్ కూడా నెలలోపే చచ్చిపోవచ్చు. డబ్బా మీద ఎయిర్‌గన్ రేటింగ్ స్పష్టంగా రాసి ఉందా, 10 గజాల దాకా దిగే ఆబ్జెక్టివ్ లేదా పక్క ఫోకస్ ఉందా, చూడాల్సినవి ఈ రెండే. పారలాక్స్ (కన్ను జరిగితే గురి జరిగినట్టు కనిపించడం) 100 గజాలకు సరిచేసి స్థిరంగా పెట్టేసిన 40 మి.మీ. స్కోప్‌తో 25 మీటర్లలో చూస్తే, కన్ను పక్కకు జరిగినంత మాత్రాన గురి 14 మి.మీ. దాకా తప్పొచ్చు. అంటే షూటర్ ఏ తప్పూ చేయకుండానే గుంపు మూడు సెంటీమీటర్లకు దగ్గరవుతుంది.

పేరున్న బ్రాండ్ల స్కోప్‌ల నకళ్లు కూడా ఇక్కడే దొరుకుతున్నాయి. డబ్బా, హోలోగ్రామ్, వారంటీ కార్డు అన్నీ ఉంటాయి. సీరియల్ నంబర్‌ని కంపెనీ వాళ్ల సైట్‌లో షాపులో నిలబడే సరిచూడండి. తర్వాత ఒక అట్టపెట్టె అడిగి, రెండు పక్కలా వి ఆకారంలో కోసి, స్కోప్‌ని అందులో కూర్చోబెట్టి, దూరంగా కనిపించే ఏదో ఒక బోర్డు మీద క్రాస్‌హెయిర్ పెట్టి స్కోప్‌ని మెల్లగా గుండ్రంగా తిప్పండి. క్రాస్‌హెయిర్ పెద్ద సున్నా చుడుతోందంటే టరెట్లు (గురి సరిచేసే మరలు) మధ్యలో లేవన్నమాట. టరెట్లు తిప్పి దాన్ని మధ్యకు తేవాలి, రాకపోతే వద్దు. మాగ్నిఫికేషన్ 4 నుంచి 16కి తిప్పుతున్నప్పుడు గురి స్థానం జరిగితే అదీ వద్దు. ఇదంతా చేయనివ్వని షాపులో కొనకండి.

మౌంట్ (స్కోప్‌ని రైఫిల్‌కి బిగించే పట్టు) గురించి ఎవరూ చెప్పరు, ఎక్కువ గొడవ అక్కడే. రెండు వేర్వేరు చవక రింగులు స్ప్రింగ్ రైఫిల్ మీద వెనక్కి పాకుతాయి. ప్రతి యాభై షాట్లకూ జీరో మారుతోందంటే బ్యారెల్‌ని తిట్టకముందు రింగు పక్కన పెన్సిల్ గీత గీసి చూడండి. ఒకే ముక్కగా ఉండి, కింద స్టాప్ పిన్ ఉన్న మౌంట్ తీసుకోవాలి. ఆ పిన్ రిసీవర్ మీది రంధ్రంలో కూర్చోవాలి. 11 మి.మీ. గాడి అని అందరూ అంటారు గానీ తయారీని బట్టి వెడల్పు, కోణం రెండూ మారతాయి, కాబట్టి రైఫిల్‌ని తీసుకెళ్లి కూర్చోబెట్టి చూశాకే డబ్బులివ్వండి. రింగు స్క్రూలు 1.7 నుంచి 2.3 న్యూటన్ మీటర్లు చాలు. అల్లెన్ కీకి పైపు తొడిగి బిగించేవాడు స్కోప్ ట్యూబ్‌ని నొక్కేస్తాడు.

మడిచే బ్యారెల్ ఉన్న రైఫిళ్లలో బ్యారెల్ కొంచెం కిందికి వంగి ఉండటం మామూలే. 25 మీటర్లలో 15 సెం.మీ. కింద పడుతోందంటే పావు నిమిషం (కోణపు నిమిషంలో నాలుగో వంతు) క్లిక్కులు 80కి పైగా పైకి తిప్పాలి. అంత తిప్పితే లోపలి స్ప్రింగ్ బిగువు పోయి ప్రతి షాట్‌కీ గురి తేలుతుంది. దీన్ని 'బ్యారెల్ చెడింది' అని చెప్పి కొత్త బ్యారెల్ బిల్లు వేస్తున్నారు. నిజానికి డ్రూప్ (ఈ కిందికి వంపు) సరిచేసే మౌంట్ వేస్తే సరిపోతుంది. అది దొరక్కపోతే, రింగుల మధ్య దూరం 100 మి.మీ. ఉన్నప్పుడు వెనక రింగు కింద పావు మిల్లీమీటరు పట్టీ పెడితే 25 మీటర్లలో 6 సెం.మీ. పైకి లేస్తుంది. అర మిల్లీమీటరు దాటితే మాత్రం ట్యూబ్ వంగుతుంది, అక్కడ ఆపాలి.

బైపాడ్ స్ప్రింగ్ రైఫిల్‌కి పనికిరాదు. గట్టి ఆధారం మీద పెడితే పెల్లెట్ బ్యారెల్ దాటేలోపే రైఫిల్ ఎగురుతుంది. అరచేతి మీద వదులుగా, ప్రతిసారీ అదే చోట ఆనించి కొట్టాలి. బైపాడ్ అంటగట్టేవాడికి ఈ రైఫిల్ ఎలా తన్నుతుందో తెలియదనే అర్థం. సైలెన్సర్ జోలికి అసలు పోవద్దు. ఆయుధాల చట్టం నిర్వచనంలోనే శబ్దం తగ్గించే ఉపకరణాల ప్రస్తావన ఉంది, ఎయిర్ రైఫిల్‌కి వర్తించదని పోలీసు స్టేషన్‌లో వాదించుకునే ఓపిక ఎవరికుంది? పైగా అది వంకరగా బిగిస్తే పెల్లెట్ లోపలి గోడకు తగిలి గుంపు మొత్తం పోతుంది.

అసలు ఖర్చు పెట్టాల్సిన వరుస వేరు. మొదట స్టాక్ (రైఫిల్ పట్టుకునే కర్ర భాగం) స్క్రూలు చూడండి, కొత్త రైఫిల్లో కూడా వంద షాట్లకే వదులవుతాయి. నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక్క చుక్క వేసి బిగించండి, ఎరుపుది వేస్తే మళ్లీ ఊడదు. బ్యారెల్ మడిచే చోట పక్కలకు ఊగుతుందేమో కదిపి చూడండి. బ్రీచ్ సీల్ (బ్యారెల్ వెనక చివర ఉండే రింగు) మీద టిష్యూ ముక్క పెట్టి కొడితే అది ఎగిరిందంటే గాలి కారుతోంది, సీల్ మార్చాలి. కొట్టేటప్పుడు పెల్లెట్ తప్పకుండా ఉండాలి, ఖాళీగా కొడితే పిస్టన్ సీల్ పోతుంది. బ్యారెల్ మూతి అంచులో చెవి పుల్ల దూది తిప్పితే పోగులు చిక్కుకుంటే బర్ (లోహపు గరుకు అంచు) ఉన్నట్టు. ఇంతవరకు పెద్దగా ఖర్చు లేదు.

తర్వాత పెల్లెట్లు. చవక ఛర్రాల డబ్బాలో ఒకదానికొకటి అర గ్రెయిన్ తేడా ఉంటే ఏ స్కోపూ దాన్ని సరిచేయలేదు. గుండ్రటి తల ఉన్నవి, 8 నుంచి 8.7 గ్రెయిన్ల మధ్యవి, 4.50, 4.51, 4.52 తల కొలతల్లో ఒక్కో డబ్బా తెచ్చి, ఒక్కోదానితో పదేసి షాట్ల గుంపులు రెండు తీయండి. మొనదేలిన పెల్లెట్లు దూరానికి పనికిరావు. ఈ పరీక్ష అయ్యాకే మౌంట్, దాని తర్వాత స్కోప్.

ఏం ఆశించాలంటే: బాగా కుదిరిన స్ప్రింగ్ రైఫిల్ 25 మీటర్లలో ఐదు షాట్లను 15, 20 మి.మీ.లో పెడితే అది మంచి రైఫిల్. 800 అడుగుల వేగానికి 25 మీటర్లలో జీరో చేస్తే 50 మీటర్లలో 9 సెం.మీ. అటూ ఇటుగా కింద పడుతుంది, అంటే 25 క్లిక్కులు. చిన్న గాలి కూడా అక్కడ సెంటీమీటర్లలో నెడుతుంది. షాపులో గోడకు అంటించిన 'ఒకే రంధ్రం' కాగితం ఎన్ని షాట్లదో, ఎన్ని మీటర్లదో అడగండి. మూడు షాట్ల గుంపు ఎవడైనా చూపిస్తాడు. "ఒలింపిక్ కచ్చితత్వం" అన్నా నమ్మొద్దు. మన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన పోటీ 10 మీటర్లది. అక్కడ స్కోప్ ఉండదు, స్ప్రింగ్ ఉండదు, రైఫిల్ రకమే వేరు.

"అడవికి పనికొస్తుంది" అని కూడా చెబుతున్నారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉంది, అడవి పక్షి మీద పెల్లెట్ వేసినా కేసే. మేడ మీద నుంచి కొట్టడం కూడా వద్దు, గురి తప్పిన పెల్లెట్ రెండు వీధుల అవతల పడుతుంది.

ఇప్పటికే ప్యాకేజీ తీసుకున్నవాళ్లు పాత స్ప్రింగ్ తిరిగి అడిగి తీసుకుని, క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) మీద పది షాట్ల వేగం కొలిపించి, 20 జౌళ్లు దాటుతుంటే వెంటనే పాతది వేయించుకోండి. రైఫిల్ సీరియల్ నంబర్, చేసిన పని, వేసిన భాగాలు రాసిన బిల్లు లేకపోతే అడిగి రాయించుకోండి, వాట్సాప్‌లో ఇచ్చిన హామీలు చెరపకండి. డబ్బు వెనక్కి ఇవ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి రెండేళ్ల గడువుంది.