స్ప్లిట్ నుంచి దుబ్రోవ్నిక్ దాకా చిన్న ఓడలో: ఏ రేవుకు ఎంత సమయం?

క్రొయేషియా తీరం వెంబడి స్ప్లిట్, దుబ్రోవ్నిక్ నగరాల మధ్య ముప్ఫై నలభై మందిని మాత్రమే ఎక్కించుకుని ద్వీపాలు తిప్పే చిన్న ఓడలు వేసవి పొడవునా నడుస్తుంటాయి. వాటి ప్రకటనలు క్యాబిన్ల హంగులను, పై డెక్కు మీది పడక కుర్చీలను గొప్పగా చూపిస్తాయి గాని, ఏ రేవుకు ఎన్ని గంటలకు చేరుతాము, రాత్రికి ఓడ అక్కడే ఉంటుందా లేదా అన్న సంగతిని చివర ఎక్కడో చిన్న అక్షరాలలో వేస్తాయి. అన్నయ్య, వదినలతో కలిసి జూన్ నెలలో ఈ ప్రయాణం చేశాక, పాత రేవు పట్టణాలను చూడాలని వెళ్లేవారు ముందుగా చదవవలసినది ఆ చిన్న అక్షరాలనేనని నాకు గట్టిగా అనిపించింది.

ఈ ఓడలు చాలావరకు శనివారం నుంచి శనివారం దాకా నడుస్తాయి. ఉదయం ఫలహారం, మధ్యాహ్న భోజనం ఓడలోనే పెడతారు. రాత్రి భోజనం మాత్రం ఊళ్లో, మన ఖర్చుతో. మొదట ఇది పిసినారితనంగా కనిపించినా, సాయంత్రానికల్లా ఓడ ఊరి ఒడ్డునే నిలవడానికి కారణం ఈ ఏర్పాటే కాబట్టి నేను దీనిని లోపంగా లెక్కవేయను. అసలు లోపం టికెట్ ధరలో కలవని ఖర్చులది. రేవు రుసుము, పర్యాటక పన్ను ఓడ ఎక్కాక నగదుగా కట్టవలసి వచ్చింది. మంచినీళ్ల సీసాతో సహా తాగేవన్నీ ఓడలోనే కొనాలి, బయటినుంచి తేకూడదన్నారు. చివరి రోజున సిబ్బందికి ఇచ్చే బక్షీసు వేరు. శాకాహారులు బుకింగ్ సమయంలోనే చెప్పి, ఎక్కిన రోజున వంటాయనకు మరొకసారి చెప్పుకోవడం మంచిది. మాకు కాల్చిన కూరగాయలు, పాస్తా, బచ్చలి వంటి ఆకుకూరను బంగాళాదుంపలతో, వెల్లుల్లితో, ఆలివ్ నూనెతో ఉడికించే ‘బ్లిత్వ’ అనే కూర తరచుగా పెట్టారు. ఊళ్లో హోటళ్లలో కనిపించే నల్లని రిసొట్టో అనే అన్నపు వంటకానికి ఆ రంగు సముద్రజీవి సిరా వల్ల వస్తుందని తెలిసి ఉండటం అవసరం.

క్యాబిన్ ఎంపికలో ఒక్క విషయం చెబుతాను. రేవుల్లో చోటు తక్కువ కాబట్టి ఓడలను ఒకదాని పక్కన ఒకటి ఆనించి, మధ్యలో రబ్బరు బుడగలు వేలాడదీసి, తాళ్లతో కట్టేస్తారు. ఒడ్డుకు దిగాలంటే పక్క ఓడల డెక్కుల మీదుగా, ఒక కమ్మీ దాటి ఇంకొక కమ్మీ దాటుకుంటూ పోవాలి. మోకాళ్ల నొప్పులున్న వదిన మొదటి సాయంత్రం, “ఇదేమిటయ్యా, భోజనానికి వెళ్లాలంటే ముగ్గురిళ్ల వసారాలు దాటాలా?” అని అక్కడే నిలబడిపోయింది. సిబ్బంది చెయ్యి పట్టుకుని దాటించారు గాని, రెండు డెక్కుల ఎత్తు సమానంగా లేనప్పుడు పెద్దవారికి అది కష్టమే. పరదా తీస్తే ఎదుటి ఓడలోని వాళ్ల పరదా మూరెడు దూరంలో ఉంటుంది. జనరేటర్ల పొగ కూడా కొంత లోపలికి వస్తుంది. కనుక సముద్రం కనిపిస్తుందని పెద్ద కిటికీకి ఎక్కువ డబ్బు పెట్టడంలో అర్థం లేదు. ఇంజను గదికి దూరంగా ఉండే క్యాబిన్ అడిగి తీసుకుంటే రాత్రి నిద్రయినా దక్కుతుంది.

స్ప్లిట్ నగరానికి ఓడ కేటాయించే సమయం చాలదు. రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ 305లో పదవి విడిచాక శేషజీవితం గడపడానికని కట్టించుకున్న కోటలాంటి రాజభవనంలోనే ఈ పాత పట్టణం పెరిగింది. ఏడో శతాబ్దంలో పక్కనున్న సలోనా నగరం నాశనమైనప్పుడు అక్కడివాళ్లు ఈ గోడల మధ్యకు చేరి కాపురాలు పెట్టారు. నేటికీ ఆ గోడలలో ఇళ్లు, దుకాణాలు ఉన్నాయి. క్రైస్తవులను క్రూరంగా హింసించిన ఆ చక్రవర్తి సమాధి మందిరమే తరువాత క్రైస్తవుల కెథెడ్రల్, అంటే ప్రధాన చర్చి అయింది. ఇదంతా శనివారం మధ్యాహ్నం పెట్టెలు లాగుతూ చూసేది కాదు. ముందు రోజే చేరి, పాత పట్టణంలో బస చేసి, ఉదయాన్నే ఆ రాజభవనపు నేలమాళిగలు తిరిగి, ఆపైన ఓడ ఎక్కాలి.

హ్వార్ ద్వీపం దగ్గర మాకు నిరాశ ఎదురైంది. హ్వార్ పట్టణంలోనే రాత్రి ఉంటామని కాగితంలో రాసిన సంస్థవారు, రేవులో చోటు లేదంటూ ద్వీపానికి అవతలి వైపునున్న స్టారీ గ్రాద్‌లో ఓడను కట్టి, హ్వార్‌కు బస్సులో పొమ్మన్నారు. ఆ బస్సు ఖర్చు కూడా మాదే. హ్వార్‌లో 1612లో ఆయుధశాల పై అంతస్తులో కట్టిన నాటకశాల, కొండమీది కోట చూడదగినవే, కానీ ఊరి నడుమ కూడలి అంతా ఖరీదైన హోటళ్ల బల్లలే. తీరా చూస్తే స్టారీ గ్రాదే మాకు ఎక్కువ నచ్చింది. పారోస్ ద్వీపం నుంచి వచ్చిన గ్రీకులు క్రీస్తుపూర్వం 384లో ఇక్కడ ఊరు కట్టి, వెనకనున్న మైదానాన్ని సుమారు 180 మీటర్ల వెడల్పు, 900 మీటర్ల పొడవున్న కమతాలుగా కొలిచి పంచుకున్నారు. సున్నం లేకుండా పేర్చిన ఆ రాతిగట్ల మధ్య ఇప్పటికీ ద్రాక్ష, ఆలివ్ తోటలే సాగవుతున్నాయి. యునెస్కో 2008లో దీనిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అద్దె సైకిలు మీద చూసి రావడానికి ఒక పూట చాలు.

విస్ ద్వీపం యుగోస్లావియా సైనిక స్థావరంగా ఉండి 1989 దాకా విదేశీయులకు మూసి ఉండటం వల్ల కాబోలు, హడావుడి తక్కువ. దాని పక్కనున్న బిషెవో నీలిగుహ మాత్రం, క్యూలో ఎండలో నిలబడి, విడిగా టికెట్ కొని, చిన్న పడవలో తలలు వంచుకుని దూరి, కాసేపటికే బయటపడటానికి మీకు ఓపిక ఉంటేనే.

ఈ ప్రయాణానికి విలువ తెచ్చినది కోర్చుల ద్వీపం. సాయంత్రం ఐదింటికి ఓడ పాత పట్టణం గోడల పక్కకు చేరింది. పగటి పడవల్లో వచ్చినవారు అప్పటికి తిరుగుముఖం పట్టారు. నడివీధికి ఇరువైపులా సందులు చేపముల్లు ఆకారంలో చీలుతాయి. పడమటి సందులు తిన్నగా ఉండి వేసవిగాలిని లోపలికి రానిస్తాయి, తూర్పు సందులు కొంచెం వంగి చలిగాలిని అడ్డుకుంటాయి అని చెబుతారు. ప్రసిద్ధ యాత్రికుడు మార్కో పోలో పుట్టిన ఇల్లంటూ ఒక బురుజును చూపిస్తారు గాని, అది ఊరి అభిమానమే తప్ప రుజువు లేదు. పండితులు వెనిస్‌కే మొగ్గుతారు. అయితే 1298లో జెనోవా, వెనిస్ నౌకాదళాల పెద్ద యుద్ధం ఈ ఊరి ఎదుటే జరిగింది. తెలుగువారికి ఇక్కడ మరొక తలపు రాక మానదు. అదే మార్కో పోలో మన మోటుపల్లి రేవును ‘ముత్ఫిలి’ అని పేర్కొని, వజ్రాలను, సన్నని నేతను, న్యాయంగా ఏలే రాణిని పొగిడాడు. ఆమె రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. గణపతిదేవుని కుమార్తె అయిన ఆమెను మార్కో పోలో చనిపోయిన రాజు భార్యగా రాశాడు; విన్నదే రాసినట్టున్నాడు.

మ్‌ల్యెత్ ద్వీపంలోని జాతీయ ఉద్యానవనంలో రెండు ఉప్పునీటి సరస్సులు, ఒకదాని నడుమ ద్వీపం మీద పన్నెండో శతాబ్దపు బెనెడిక్టైన్ క్రైస్తవ సన్యాసుల మఠం ఉన్నాయి. ఆ మఠానికి తీసుకువెళ్లే పడవ ప్రవేశ టికెట్‌లోనే కలిసి ఉంటుంది. పైన్ చెట్ల నీడన నడక హాయిగా ఉంది. ఆ ఉదయం ఈత కోసం దారిలో రెండుసార్లు ఆపారు; అందులో ఒకటి మానుకుని ఇక్కడ ఇంకొక గంట ఇచ్చి ఉంటే బాగుండేది.

దుబ్రోవ్నిక్‌లో చిన్న ఓడలు పాత నగరం దగ్గర కాక, గ్రూజ్ రేవులో ఆగుతాయి. అక్కడినుంచి సిటీ బస్సు ఉంది. 1,940 మీటర్ల కోటగోడ మీద నడవడానికి టికెట్ చాలా ఖరీదు. గోడలతోపాటు మ్యూజియంలు, బస్సు కలిసిన ఒకరోజు పాస్‌కు దాదాపు అంతే ధర కాబట్టి పాసే కొనాలి, గోడ తెరిచే వేళకే ఎక్కాలి. ఒకప్పుడు సొంత రాజ్యంగా ఉన్న ఈ రేవు నగరం 1377లోనే ప్లేగు ఉన్న ప్రాంతాలనుంచి వచ్చేవారిని ముప్ఫై రోజులు బయటే నిలపాలని శాసనం చేసింది. 1667 భూకంపాన్ని తట్టుకుని నిలిచిన స్పొంజా భవనంలో సుంకాల కార్యాలయం నడిచేది. అక్కడి కమాను మీద లాటిన్‌లో ఒక మాట చెక్కి ఉంది: మా తూకాలు మోసాన్ని ఒప్పవు, నేను సరుకును తూచేటప్పుడు దేవుడు నన్ను తూస్తాడు అని దాని భావం. వ్యాపారం చేసుకునే మా అన్నయ్య దానికింద నిలబడి ఫొటో తీయించుకున్నాడు, మూడు భంగిమల్లో.

ఇక్కడ ఓడ దిగాక కనీసం రెండు రాత్రులు ఉండాలి. కోటలోపలి గదులు ఖరీదు, పైగా పెట్టెలు మెట్లమీద మోసుకోవాలి. గ్రూజ్‌లో గానీ దాని పక్కనున్న లాపద్‌లో గానీ గది తీసుకుంటే సగం శ్రమ తప్పుతుంది. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో చేరి యూరో తీసుకుంది కాబట్టి భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా సరిపోతుంది. అయితే స్ప్లిట్‌కు బస్సులో తిరిగివచ్చేవారు, అది 2022లో తెరిచిన పెల్యెషత్స్ వంతెన మీదుగా వెళ్తుందో, షెంగెన్‌లో లేని బోస్నియాకు చెందిన నేయుమ్ మీదుగా వెళ్తుందో టికెట్ కొనేముందు అడగాలి. ఒక్కసారి ప్రవేశానికి మాత్రమే వీసా ఉన్నవారు వంతెన దారినే ఎంచుకోవాలి.