రీసేల్ ఫ్లాట్ కొనేవాళ్లకు హెచ్చరిక: ఈసీ చూస్తే సరిపోదు, అసోసియేషన్ లెక్కల పుస్తకం కూడా అడగండి

విజయవాడలో పాత ఫ్లాట్ చూస్తున్నవాళ్లు బయానా ఇచ్చే ముందు ఇది ఒక్కసారి చదవండి. మొన్న కార్తీకంలో మేం సింగ్‌నగర్ వైపు 1,150 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ తీసుకున్నాం. లాయరు గారికి కాగితాలు చూపించాం, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీయించాం, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) సరిపోయాయి, బ్యాంకు లోను కూడా వచ్చింది. మెయింటెనెన్స్ ఎంత అని మధ్యవర్తిని అడిగితే పదిహేను వందలన్నాడు. ఆ మాట నమ్మి ఊరుకున్నాం.

సామాన్ల లారీ గేటు దగ్గర ఆగిన రోజు ఫ్లాట్ల ఓనర్ల అసోసియేషన్ సెక్రటరీ గారు పుస్తకం పట్టుకొచ్చి, "మీ ఫ్లాటు మీద 68,800 బాకీ ఉందండీ, అది తేలితే గానీ లిఫ్టులో సామాను ఎక్కించనివ్వం" అన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి సెల్లార్ మునిగి లిఫ్టు, జనరేటర్, మీటర్ల బోర్డు, సంపు మోటార్లు అన్నీ పాడయ్యాయట. కార్పస్ ఫండ్‌లో (పెద్ద ఖర్చులకని అందరూ కలిసి దాచే నిధిలో) రూపాయి లేకపోవడంతో 24 ఫ్లాట్లకీ తలా 38,000 వాటా వేసి బాగుచేయించుకున్నారు. మాకు అమ్మినాయన ఆ వాటా కట్టలేదు, ఆ తర్వాత నెలకి 2,200కి పెంచిన మెయింటెనెన్స్ కూడా 14 నెలలు ఎగ్గొట్టారు. ఫోన్ చేస్తే "మధ్యవర్తికి అన్నీ చెప్పానండీ" అని పెట్టేశారు, మళ్లీ ఎత్తలేదు. అసోసియేషన్ వాళ్లని తప్పుపట్టలేను, వాళ్లూ చేతి డబ్బులు పెట్టుకున్నవాళ్లే. లోను కిస్తీ మొదలైన నెలలోనే ఇది వచ్చిపడేసరికి ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డామో చెప్పలేను.

ఈసీలో రిజిస్టరైన అమ్మకాలు, తనఖాల లాంటివే కనపడతాయి, అసోసియేషన్ బాకీ కనపడదు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే సెక్రటరీ దగ్గర బాకీ లేదని సంతకంతో కాగితం తీసుకోండి, గత రెండేళ్ల జమాఖర్చులు చూడండి. వాచ్‌మన్ జీతం, కామన్ మీటరు కరెంటు, లిఫ్టు ఏఎంసీ (ఏడాది నిర్వహణ కాంట్రాక్టు), జనరేటర్ డీజిల్, వీటికే నెల డబ్బు అయిపోతుంది. రంగులు వేయించాలన్నా, బోరు ఎండిపోయి కొత్తది వేయాలన్నా విడిగా వసూలు చేస్తారు, కాబట్టి కార్పస్ ఫండ్‌లో ఎంత ఉందన్నది నెలవారీ మెయింటెనెన్స్ కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. ఫ్లాటుకింత అని తీసుకుంటారా, చదరపు అడుగు లెక్కనా అన్నది కూడా తెలుసుకోండి. అడుగుల లెక్కయితే చాలాచోట్ల మెట్లు, వరండాల వాటా కలిపిన విస్తీర్ణం మీదే వేస్తారు.

ఇంటి పన్ను బాకీ అసెస్‌మెంట్ నంబరు కొట్టి ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం తగ్గుతుంది.

పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో కొనేవాళ్లు ఇంకోటి గమనించుకోండి. మెయింటెనెన్స్ నెలకి 7,500 దాటి, అసోసియేషన్ ఏడాది వసూళ్లు కూడా 20 లక్షలు దాటితే 18 శాతం జీఎస్టీ పడుతుంది.

అగ్రిమెంటులో "రిజిస్ట్రేషన్ తేదీ వరకు ఉన్న మెయింటెనెన్స్, స్పెషల్ వసూళ్లు, పన్నులు అమ్మేవారివే" అని తప్పకుండా రాయించండి, ఆ రసీదులు చేతికొచ్చేదాకా చివరి లక్ష ఆపండి. మేం ఈ ఒక్క వాక్యం రాయించుకోలేదు, ఇప్పుడు ఆ 68,800 మూడు వాయిదాల్లో కడుతున్నాం.