మాలగాలో మెట్లు, పావురాలు, వంకాయ బజ్జీ

ముందు బస సంగతి చెప్పేస్తాను, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. స్పెయిన్‌లోని మాలగా పాతబస్తీలో అపార్ట్‌మెంటు, రెండు రాత్రులకు 168 యూరోలు. ప్రకటనలో ‘రెండో అంతస్తు, లిఫ్టు ఉంది’ అని రాశారు. అక్కడ నేల అంతస్తును లెక్కపెట్టరని తెలుసు. కొన్ని పాత భవనాల్లో దాని పైన ‘ఎంత్రెసువెలో’ అని ఇంకోటి ఉంటుందనీ, అదీ లెక్కలోకి రాదనీ తెలియదు. అంటే ఎక్కాల్సింది మూడంతస్తులు.

లిఫ్టు తలుపుకి కాగితం అంటించి ఉంది. ‘ఈరోజే పాడైంది’ అన్నాడు తాళాలు తెచ్చిన కుర్రాడు. ఆ కాగితానికి వేసిన టేపు గోధుమరంగుకి తిరిగి, అంచులు ఎండి లేచిపోయి ఉంది! పైగా రాత్రి పది దాటింది కాబట్టి ఇంకో 30 యూరోలు, నగదే ఇవ్వాలట. రసీదు అడిగితే భుజాలెగరేశాడు. నాన్నకి మోకాళ్ళ నొప్పి, ప్రతి మలుపులో ఆగాడు. అమ్మ మెట్లు లెక్కపెట్టింది, 71. ‘అన్నవరంలో ఎక్కినా పుణ్యమొచ్చేది’ అంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ‘లిఫ్టు పనిచేస్తోందా’ అని రాతపూర్వకంగా అడిగి మరీ బుక్ చేయండి.

ఇంతా చేసి మాలగాకి వచ్చింది నాన్న కోసమే. తెనాలిలో 31 ఏళ్ళు డ్రాయింగ్ మాస్టారుగా చేశాడు. చిత్రకారుడు పికాసో పుట్టిన ఇల్లు చూడాలని ఆయన కోరిక. ప్లాసా దె లా మెర్సెద్ అనే చౌకు మూలన ఉందా ఇల్లు. మేం వెళ్ళినప్పుడు టికెట్ 3 యూరోలు. 1881 అక్టోబర్ 25న పుట్టిన బిడ్డలో కదలిక లేకపోతే చనిపోయాడనుకున్నారట. డాక్టరైన చిన్నాన్న చుట్ట పొగ మొహం మీద ఊదితే కేరుమన్నాడని కథ. అమ్మ బాప్టిజం గౌను దగ్గర ఆగిపోయింది.

నాన్న మాత్రం పికాసో తండ్రి బొమ్మ దగ్గర ఆగాడు. హోసే రూయిస్ కూడా డ్రాయింగ్ మాస్టారే, ఎక్కువగా పావురాలే గీసేవాడు. కొడుకేమో రూయిస్ వదిలేసి తల్లి ఇంటిపేరు పికాసోతో ప్రపంచానికి తెలిశాడు. అది చెప్పగానే నాన్న ముఖం చిన్నబోయింది. ‘కూతురికి పలోమా అని పెట్టాడు, అంటే పావురం’ అని సర్దిచెప్పాను. ‘ఊఁ’ అన్నాడంతే. బయట చౌకులో బెంచీ మీద పికాసో కంచు విగ్రహం, చుట్టూ నిజం పావురాలు. నాన్న పక్కన కూర్చుని, టికెట్ వెనక బాల్‌పెన్నుతో ఒకదాన్ని గీశాడు. మెడ బాగా కుదిరింది.

పికాసో మ్యూజియం 2003లో తెరిచారు, కోడలు, మనవడు ఇచ్చిన బొమ్మలతో. ఆదివారం చివరి రెండు గంటలు ఉచితం కానీ క్యూ పొడుగు. నాకైతే పుట్టిన ఇల్లే నచ్చింది. 1901 తర్వాత ఆయన ఈ ఊరికి మళ్ళీ రానే లేదు, ఊరు మాత్రం ఆయన పేరు మీదే బతుకుతున్నట్టుంది.

తిండి విషయంలో అమ్మకి టెన్షన్. సలాడ్ చెబితే అందులోనూ ట్యూనా చేప! విసిగిపోయి ఒక చిన్న బారులో ‘బెరెన్హేనాస్ కోన్ మియెల్’ చెప్పాను, 8 యూరోల 50. పిండిలో ముంచి వేయించిన వంకాయ ముక్కలు, మీద నల్లటి చెరకు పాకం. ‘వంకాయ బజ్జీ మీద బెల్లం పాకమేంట్రా’ అంటూనే ఒకటి నోట్లో పెట్టుకుంది. తర్వాత మా ఇద్దరికీ మిగల్చలేదు, రెండో ప్లేటు చెప్పాల్సొచ్చింది.

తిరిగి మాడ్రిడ్ రైలెక్కిన స్టేషన్ పేరు మారియా సాంబ్రానో. ఈ జిల్లాలోనే 1904లో పుట్టిన తత్త్వవేత్త, స్పానిష్ సాహిత్యంలో పెద్ద పురస్కారమైన సెర్వాంతెస్ బహుమతి అందుకున్న మొదటి మహిళ. స్టేషన్‌కి తత్త్వవేత్త పేరా అని నాన్నకి భలే ముచ్చటేసింది.

ఆ 30 యూరోల గురించి రెండు మెయిళ్ళు పెట్టాను, జవాబు లేదు. నిన్న వాళ్ళే మెసేజ్ పెట్టారు, ఐదు స్టార్లు ఇవ్వమని.