గుడి బోర్డు మీద ‘సీఎస్ఐ’ చాలా, పూర్తి పేరు ఉండాలా: ఏది మేలు?

తెలుగు క్రైస్తవులు ఇద్దరు కొత్తగా కలిస్తే ఊరూ పేరూ అడిగాక వచ్చే ప్రశ్న ఒకటుంది: ‘‘మీది ఏ మిషనండీ?’’ జవాబు మూడు నాలుగు ఇంగ్లిషు అక్షరాల్లో వస్తుంది. సీఎస్ఐ, ఏఈఎల్‌సీ, ఎస్‌టీబీసీ, ఆర్‌సీఎం. ఆ అక్షరాలు వినగానే ఎదుటివారి కుటుంబ చరిత్ర సగం అర్థమైపోతుంది. ఏఈఎల్‌సీ అంటే ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి: లూథరన్లు, 1842లో గుంటూరు చేరిన ఫాదర్ హయ్యర్ నాటి నుంచి వస్తున్నవారు. ఎస్‌టీబీసీ అంటే నెల్లూరు, ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టుల పరంపర. ఎంబీ అంటే పాలమూరు వైపు మెన్నొనైట్ బ్రదరన్. బయటివారికి అవి ఉత్త అక్షరాలే. లోపలివారికి అవే తాతలు, బడులు, ఆసుపత్రులు, సమాధుల తోటలు.

పాత గుడిని బాగుచేయించి ముఖద్వారం మీద కొత్తగా పేరు రాయించే ప్రతిచోటా ఈ ప్రశ్న తిరిగి వస్తోంది. సీఎస్ఐ అంటే ‘చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా’. ‘సీఎస్ఐ చర్చి’ అని పెద్ద అక్షరాలతో రాయిస్తే చాలని కొందరు సంఘ పెద్దలు అంటారు. ‘దక్షిణ ఇండియా సంఘము’ అని పూర్తిగా రాయాలని మరికొందరు పట్టుబడతారు. నేను రెండో పక్షం. అయితే మొదటి పక్షం వాదనను తేలిగ్గా తీసిపారేయలేం.

తెలుగువాళ్లం ఇంటిపేరును ఒక్క అక్షరం చేసి పేరు ముందు పెట్టుకుంటాం. దాంతో వంశం చిన్నబోయిందని ఎవరూ బాధపడరు. చర్చి పేరు విషయంలోనూ అంతే కదా అని పొడి అక్షరాల పక్షం వారు అడుగుతారు. నోటికి తేలిక, రసీదు పుస్తకంలో ఇముడుతుంది, పెళ్లి శుభలేఖలో ఒక్క వరుసలో సరిపోతుంది. ఊళ్లో ఆర్‌సీఎం బడి ఎక్కడంటే ఏ మతం వారైనా దారి చెబుతారు. అదే బడిని రోమన్ కాథలిక్ మిషన్ పాఠశాల అని అడిగితే ఒక క్షణం ఆగి ఆలోచిస్తారు.

మరో బలమైన కారణం కూడా ఉంది. కొన్ని పూర్తి పేర్లు కాలం దాటిపోయాయి. ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతాల్లో కెనడియన్ బాప్టిస్టులు నాటిన సంఘాల సమాఖ్య పేరు ‘కన్వెన్షన్ ఆఫ్ బాప్టిస్ట్ చర్చెస్ ఆఫ్ నార్తరన్ సర్కార్స్’. ఉత్తర సర్కారులు అన్న మాట ఇప్పుడు చరిత్ర పుస్తకాల్లో తప్ప వినపడదు. ఇంత పొడవైన పేరును గుమ్మం మీద ఎక్కించడం కంటే సీబీసీఎన్‌సీ అనడమే నయమని అక్కడివారు అంటే కాదనడం కష్టం. విశాఖపట్నంలో ‘సీబీఎం కాంపౌండ్’ అన్నది ఒక పేట పేరుగా స్థిరపడింది. కెనడియన్ బాప్టిస్ట్ మిషన్ అన్న పూర్తి పేరు తెలియకపోయినా ఆటో ఎక్కి ఆ మూడక్షరాలు చెబితే చాలు.

ఇంతవరకు ఒప్పుకుంటాను. కానీ సీఎస్ఐ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ఆ సంఘం విషయంలో పేరే ఒక చారిత్రక నిర్ణయం.

1919లో తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో కొందరు క్రైస్తవ నాయకులు సమావేశమయ్యారు. ఒకరిద్దరు తప్ప అందరూ భారతీయులే. అందులో ముఖ్యుడు వి.ఎస్. అజరయ్య. 1912లో దోర్నకల్‌కు బిషప్ అయిన ఆయన, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ అన్న విభేదాలు మనం సృష్టించుకున్నవి కావు, బయటి నుంచి వచ్చి పడ్డవి, వాటిని కొనసాగించాలన్న కోరిక మనకు లేదు అని ఆ సమావేశం తేల్చి చెప్పింది. ఆ తర్వాత చర్చలు ఇరవై ఎనిమిదేళ్లు సాగాయి. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశారు, ఫలితం చూడలేదు. స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, 1947 సెప్టెంబర్ 27న, మద్రాసులోని సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో ఆ సంఘాలు ఒక్కటయ్యాయి. ఇంగ్లండులో విడివిడిగానే ఉన్న సంఘాలు ఇక్కడ ఒకే బల్ల దగ్గర ప్రభు సంస్కారం తీసుకున్నాయి. బిషప్పుల వ్యవస్థ ఉన్న సంఘాలు, లేని సంఘాలు అలా కలిసిపోవడం అప్పట్లో ప్రపంచ క్రైస్తవ లోకమంతా తలతిప్పి చూసిన సంగతి.

పుట్టిన కొత్త సంఘానికి పేరు పెట్టేటప్పుడు వాళ్లు ఏ పరాయి దేశం పేరూ పెట్టలేదు, లూథర్, వెస్లీ వంటి వ్యక్తి పేరూ పెట్టలేదు, బాప్తిస్మ పద్ధతిని బట్టో పరిపాలన పద్ధతిని బట్టో కూడా పెట్టలేదు. దక్షిణ భారతదేశంలో ఉన్న క్రీస్తు సంఘం, అంతే. ఈ నేల మీద ఉన్నవారమందరం ఒక్కటే అన్న ప్రకటన ఆ పేరులో ఉంది. శిష్యులందరూ ఏకమై ఉండాలని యోహాను సువార్త పదిహేడో అధ్యాయంలో యేసు చేసిన ప్రార్థనే సంఘ చిహ్నం మీది మాట. ‘సీఎస్ఐ’ అన్నప్పుడు ఈ సంగతులేవీ చెవిన పడవు. పైగా ఏఈఎల్‌సీ, ఎస్‌టీబీసీల పక్కన ఇదీ మరో మిషను అన్నట్టు వినపడుతుంది. విభజన పేర్లను వదిలించుకోవడానికి పెట్టుకున్న పేరు మళ్లీ ఒక విభజన గుర్తుగా మారడం నన్ను నిజంగా బాధిస్తుంది. ‘‘మీది ఏ మిషనండీ?’’ అంటే ‘‘సీఎస్ఐ’’ అని జవాబిస్తున్నాం. మిషన్ల కాలం ముగిసిందని చెప్పడానికే కదా ఆ సంఘం పుట్టింది!

దీన్ని మరీ ఆదర్శంగా చెబుతున్నానని అనుకోవద్దు. కలయిక అంత సాఫీగా ఏమీ జరగలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో కొందరు 1947లో చేరకుండా చాలా ఏళ్లు విడిగానే ఉన్నారు. తెలుగు లూథరన్లు, బాప్టిస్టులు ఆ కలయికలోకి రానే లేదు. అయినా, మెదక్ వెస్లియన్ మెథడిస్టులూ కృష్ణా తీరపు సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ) ఆంగ్లికన్లూ రాయలసీమ లండన్ మిషన్ వారూ నేడు ఒకే సంఘంగా ఉన్నారంటే ఆ పేరు కిందే. దాన్ని పూర్తిగా చదివే అవకాశం గుమ్మం దగ్గరైనా ఉండాలి.

ఇతర సంఘాల మాట కొంచెం. ఎస్‌టీబీసీ సంగతి మరింత విచిత్రం. పూర్తి పేరు ‘సమావేశం ఆఫ్ తెలుగు బాప్టిస్ట్ చర్చెస్’. మొదటి మాట అచ్చంగా మనం వాడుకునేదే. తెలుగు అన్న మాట పేరు మధ్యలోనే ఉంది. పొడి అక్షరాలు చేసేసరికి ఆ రెండూ ఇంగ్లిషు ఎస్, టీ అయిపోయాయి. 1876–78 కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం పని తీసుకుని వేలమందికి కూలి చూపించిన చరిత్ర, 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నీటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన చరిత్ర ఈ సంఘానిది. భాష పేరును తన పేరులోనే పెట్టుకున్న సంఘం దాన్ని ఇంగ్లిషు అక్షరాల వెనక దాచేసుకోవడం నాకు నచ్చదు. ఏఈఎల్‌సీకి వాడుకలో మరో మేలైన దారి ఉంది. గుంటూరులో చాలామంది ‘లూథరన్ చర్చి’ అనే అంటారు. అది చిన్నదీ, అర్థమయ్యేదీ. ఆర్‌సీఎంలో చివరి ‘ఎం’ మిషన్ నాటిది. ఆ ప్రాంతాలు ఎప్పుడో ఒక్కో బిషప్ పాలనలోని డయాసిస్‌లయ్యాయి గనుక ఆ అక్షరం మోయాల్సిన అవసరం లేదు.

అసలు పొడి అక్షరాల అవసరమే రాని పేర్లున్నాయి. ‘రక్షణ సైన్యం’ చూడండి. సాల్వేషన్ ఆర్మీ 1882లో బొంబాయిలో అడుగుపెట్టింది. తెలుగు నాట దాని పేరు తెలుగులోనే నిలిచింది, ఎవరూ దాన్ని రెండక్షరాలు చేయలేదు. ‘బైబిలు మిషను’ మరో ఉదాహరణ. లూథరన్ సంఘంలో ఎదిగిన దేవదాసు అయ్యగారు 1938లో రాజమండ్రిలో దాన్ని ప్రారంభించారు. ఆ పేరు దేవుడే చూపించాడని ఆ సంఘస్థుల విశ్వాసం. రెండే మాటలు, పల్లెలో ముసలమ్మ కూడా పూర్తిగానే పలుకుతుంది. భక్తసింగ్ గారు మరో దారి పట్టారు. ఏ శాఖ పేరూ వద్దనుకుని ఆరాధన స్థలాలకు బైబిలులోని పేర్లు పెట్టారు. హైదరాబాద్ గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గరి ‘హెబ్రోను’ అలా వచ్చిందే. కొత్తగా సంఘం మొదలుపెట్టి, ఆరు ఇంగ్లిషు మాటల పేరు పెట్టి, మొదటి రోజు నుంచే దాన్ని పొడి అక్షరాలు చేసి బ్యానర్లు వేయించే యువ పాస్టర్లు ఈ మూడు పేర్లూ ఒకసారి చూడాలి. పేరు చిన్నగా, నిండుగా ఉంటే పొట్టి రూపం వెతుక్కోనక్కర్లేదు.

పెద్ద ఎత్తున పొట్టి పేరును వదిలించుకున్న సంఘం ఒకటుంది. అమెరికాలోని యూటా రాష్ట్రం కేంద్రంగా ఉన్న ‘కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘం’ వారిని లోకమంతా మోర్మన్లు, ఎల్‌డీఎస్ అనే పిలిచేది. హైదరాబాద్‌లోనూ వారి సంఘాలున్నాయి. 2018 ఆగస్టులో వారి అప్పటి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ ఆ రెండు పేర్లూ వాడవద్దని, పూర్తి పేరే వాడాలని ప్రకటించారు. కొన్ని వారాలకే ప్రసిద్ధమైన వారి గాయక బృందం పేరులోంచి మోర్మన్ అన్న మాట పోయింది, తర్వాత వెబ్‌సైటు చిరునామా మారింది. కారణం సూటిగా చెప్పారు: పొట్టి చేస్తే పోయేది ప్రభువు పేరు. వారి సిద్ధాంతాలతో నాకు పొత్తు లేకపోయినా ఈ కారణంలోని గాంభీర్యాన్ని గౌరవిస్తాను. అయితే వారి పద్ధతి మనకు కుదరదు. మాట్లాడే నోటిని ఆజ్ఞలతో మార్చాలని చూస్తే విసుగే మిగులుతుంది. మా అమ్మమ్మ తరం వారిని ‘సీఎస్ఐ అనకండి’ అని సరిదిద్దడం అమర్యాద కూడా.

అందుకే నోటి పేరునూ రాత పేరునూ వేరుగా చూడాలంటాను. మాటల్లో సీఎస్ఐ ఉండనివ్వండి. రాతలో మాత్రం పూర్తి పేరు రావాలి: గుమ్మం మీద, బాప్తిస్మ పత్రం మీద, వివాహ ధ్రువీకరణ పత్రం మీద, భూమి కాగితాల మీద. చివరిది మరీ ముఖ్యం. సీఎస్ఐ ఆస్తులను చూసే సంస్థ చట్టప్రకారం ‘చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ట్రస్ట్ అసోసియేషన్’. పాత దస్తావేజుల్లో ఆనాటి మిషన్ల పేర్లుంటాయి. స్థలం మీద వివాదం వచ్చినప్పుడు బోర్డు మీద ఒక పేరు, రసీదులో ఇంకొకటి, దస్తావేజులో వేరొకటి ఉంటే ఎదుటి పక్షం వకీలుకు పని సులువవుతుంది.

పొడి అక్షరాలను తెలుగులో ఒకే తీరున రాయడం కూడా మనకు కుదరలేదు. ఒకే డయాసిస్‌లో ఒక గోడ మీద ‘సి.ఎస్.ఐ.’, ఇంకో గోడ మీద ‘సీయస్ఐ’, శుభలేఖలో ‘సి.యస్.ఐ’, పత్రికలో ‘సీఎస్ఐ’ అని కనిపిస్తాయి. ఫోనులో గుడి కోసం వెతికే దూరపు బంధువుకు ఏది టైపు చేయాలో తెలియదు. పట్టణంలో సీఎస్ఐ చర్చిలు రెండు మూడుంటే ఆ అక్షరాలు దారి కూడా చూపవు. సికింద్రాబాద్‌లో వెస్లీ చర్చి అని చెప్పుకోవడం అందుకే. కరవు రోజుల్లో వేలమందికి పని కల్పిస్తూ వెస్లియన్ మిషనరీ పాస్నెట్ దొర కట్టించి, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన గుడిని జనం ‘మెదక్ చర్చి’ అనే అంటారు.

‘చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా’ అని ఇంగ్లిషు పేరునే తెలుగు లిపిలో రాయడం మధ్యేమార్గమని కొందరంటారు. చట్టపు కాగితాల్లో సరే, గుడి ముఖాన అక్కర్లేదు. ప్రార్థన, పాట, ప్రసంగం తెలుగులో సాగే చోట పేరూ తెలుగులో ఉండటమే సహజం.

కాబట్టి బోర్డు రాయించేవారికి నేను చెప్పేది ఇది. పైన ఊరికో గుడికో ఉన్న సొంత పేరు. దాని కింద, అంతే పెద్ద అక్షరాలతో, ‘దక్షిణ ఇండియా సంఘము’. అడుగున చిన్నగా ‘సీఎస్ఐ’, డయాసిస్ పేరు, స్థాపించిన సంవత్సరం. మూడు వరుసలకు మించదు, ఖర్చులో పెద్ద తేడా రాదు. ఆదివారం బడి పిల్లలకు ఏటా సెప్టెంబర్ 27న తరంగంబాడి నుంచి సెయింట్ జార్జ్ కెథడ్రల్ దాకా నడిచిన కథ చెప్పడానికి ఆ రెండో వరుస పనికొస్తుంది.

ఒక్క విన్నపం. మరమ్మతుల పేరుతో పాత పునాది రాళ్లను పీకేయకండి, సున్నం పూయకండి. ఎల్ఎంఎస్ (లండన్ మిషనరీ సొసైటీ) అనో ఎస్పీజీ (సువార్త వ్యాప్తికి పెట్టిన ఆంగ్లికన్ సొసైటీ) అనో చెక్కి ఉంటే ఉండనివ్వండి. పక్కన చిన్న పలక పెట్టి ఆ అక్షరాల పూర్తి పేరు, ఆ సంఘం ఎప్పుడు ఎందులో కలిసిందో రాయించండి.